సెల్లులు మార్చే ముహూర్తం

కేబుల్ టీవీ కంట్రోల్ రూమ్ అంటే ఏమిటో మీలో చాలామందికి తెలియదు. తెలియకపోవడమే మీ అదృష్టం. మేడ మీద ఒక గది, దాన్నిండా వైర్లు, వేడి, "మా ఇంట్లో బొమ్మ రావట్లేదు" అని పొద్దస్తమానం మోగే ఫోను. కోటబొమ్మాళి పక్కన అలాంటి గదిలో ఆపరేటరుగా జీవితంలో సగం గడిపి రిటైరయ్యాను. రిటైరయ్యానంటే పెన్షన్ వస్తుందనుకునేరు. మా ప్రొప్రైటరు శాలువా కప్పి, స్టీలు బిందె చేతిలో పెట్టి, "రేపట్నుంచి ఊరికే టీ తాగడానికి రా" అన్నాడు. ఇప్పటికీ వెళుతున్నాను.

ఆ గదిలో జరిగిన వింతలు చాలా ఉన్నాయి గాని, ఎవరడిగినా నేను ముందుగా చెప్పేది మా పాత కంప్యూటరుకి మతి పోయిన రోజు గురించే.

అది ఎనభైల నాటి హోమ్ కంప్యూటరు. కీబోర్డూ కంప్యూటరూ కలిసి ఒకే పెట్టె. విదేశాల్లో పిల్లలు ఆటలాడుకోవడానికి కొనుక్కునేవారట. మన దగ్గర మాత్రం పెళ్ళి క్యాసెట్లకి పేర్లు వేసేవాళ్ళ చేతికి చేరింది, ఎందుకంటే దాని బొమ్మ నేరుగా టీవీలోకి వెళుతుంది. విశాఖపట్నంలో ఒక వీడియో షాపు మూసేస్తుంటే మా ప్రొప్రైటరు దాన్ని సెకండ్ హ్యాండులో పట్టుకొచ్చాడు. మా లోకల్ చానల్లో తెర అడుగున పాకే అక్షరాలన్నీ దాని చలవే. బట్టల కొట్టు ప్రకటనలు, పెళ్ళి శుభాకాంక్షలు, పెద్దకర్మ కబుర్లు, తప్పిపోయిన గేదెల ఆనవాళ్ళు అన్నీ అందులోంచే వెళ్ళేవి. రెండువేల పది దాటి, కాలేజీ పిల్లల చేతుల్లోకి టచ్ ఫోన్లు వచ్చేశాక కూడా మేం దాన్ని వదల్లేదు. ప్రొప్రైటరుకి అది పారేయాలంటే ప్రాణం ఒప్పలేదు, నాకు కొత్తది నేర్చుకోవాలంటే బద్ధకం.

మీ కంప్యూటరుకైతే బటన్ నొక్కితే చాలు. మాది ఫ్లాపీ మింగితే గాని లేచేది కాదు. మా ఊరి చెమ్మ గాలికి ఫ్లాపీలు ఒక్కొక్కటే బూజు పట్టిపోయాయి. అందుకని దాని పక్కన అదనపు మెమరీ పెట్టె ఒకటి తగిలించాం. మామూలు మెమరీలో ఉన్నదంతా కరెంటు పోగానే తుడిచిపెట్టుకుపోతుంది. ఈ పెట్టెలో మాత్రం గోడ గడియారంలో వేసేలాంటి సెల్లులు మూడు ఉంటాయి. కరెంటు పోయినా ఆ సెల్లుల బలంతో పెట్టె తనలో ఉన్నది పట్టుకుని కూర్చుంటుంది. మళ్ళీ స్విచ్ వేయగానే కంప్యూటరు ఫ్లాపీ అడక్కుండా ఆ పెట్టెలోంచే ప్రోగ్రామూ అక్షరాలూ తీసుకుని లేస్తుంది. ముందు టీవీ వెయ్యాలి, తర్వాత పెట్టె కదలకుండా సందులో మడతపెట్టిన బీడీకట్ట కాగితం దోపాలి, అప్పుడు కంప్యూటరు వెయ్యాలి. ఈ వరస తప్పితే అది అలుగుతుంది.

ఇక అక్షరాలు. ఆ కంప్యూటరుకి తెలుగు రాదు. వచ్చేలా చేసింది మా ఆర్టిస్టు గారు. ఆయన మిషన్ చర్చిలో పెద్ద. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో దుకాణాల బోర్డులన్నీ, చర్చి గోడల మీద వాక్యాలన్నీ ఆయన కుంచె నుంచి వచ్చినవే. ప్రొప్రైటరు బతిమాలితే మా మేడెక్కి, మౌస్ పట్టుకుని, చుక్క పక్కన చుక్క పెడుతూ అ నుంచి ఱ దాకా, గుణింతాలూ ఒత్తులూ సహా తన చేతి రాతనే అందులోకి దించారు. ఆయన 'శ్రీ' చూస్తే ఎవరో మనిషి చేతులు జోడించి నిలబడ్డట్టు ఉండేది. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి ఆయన పని పోయింది. ఆయన రాసిన గోడలకి సున్నాలు కొట్టేశారు. ఊళ్ళో ఆయన చేతిరాత ఇంకా బతికున్నది మా చానల్లో ఒక్కచోటే, అంటే ఆ మూడు సెల్లుల మీదే.

అందువల్ల ఏడాదికోసారి సెల్లులు మార్చడం మాకు ఒక పండగ. కంప్యూటరు నడుస్తుండగానే మార్చాలి. అప్పుడు పెట్టెకి కంప్యూటరులోంచి కరెంటు అందుతూ ఉంటుంది కాబట్టి పాత సెల్లులు తీసినా ఏమీ కాదు. ప్రొప్రైటరు పంచాంగం చూసి ముహూర్తం పెట్టేవాడు. ఆర్టిస్టు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. ప్రొప్రైటరు బయట మెట్ల మీద కొబ్బరికాయ కొట్టేవాడు. అప్పుడు నేను సెల్లులు మార్చేవాణ్ణి. ఇద్దరిలో ఏ దేవుడికి వినబడేదో గాని, ఏళ్ళ తరబడి అంతా సవ్యంగానే జరిగింది.

ఆ ఏడాది ఆర్టిస్టు గారికి శుక్లాలు బాగా ముదిరాయి. ఎదుటి మనిషిని గొంతుని బట్టి పోల్చుకునేవారు. ఆపరేషన్ అంటే భయపడి ఏళ్ళుగా వాయిదా వేస్తూ వస్తే, ఆయన భార్య, రిటైరైన టీచరమ్మ, పోట్లాడి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వెళ్ళే ముందు రోజు ఆయన ఆమె చెయ్యి పట్టుకుని మా మేడెక్కారు.

"కట్టు ఇప్పేక ముందు టీచరమ్మ ముకం సూస్తాను బాబూ. ఇంటికొచ్చేక టీవీలో నా అచ్చరాలు సూస్తాను. అయి సూసి ఎన్నాళ్ళయినాదో!" అన్నారు.

"ఆ వరసైనా తప్పకండి, అదే పదివేలు" అంది టీచరమ్మ.

ఆయన సాయంత్రం పాసింజరుకి తిరిగొస్తారనగా, ఆ ఉదయమే ప్రొప్రైటరు పంచాంగం పట్టుకుని పైకొచ్చాడు. ఊరి వరసకి నాకు బావ అవుతాడు.

"ఒరే, ఇయ్యాలే సెల్లులు మార్సేద్దాం. రేపట్నుంచి మూఢం."

"ఆర్టిస్టు గారు సాయంత్రం వచ్చేస్తారు గదా బావా. ఆయనొచ్చేక మారుద్దాం."

"సాయంత్రం వర్జ్యం. మూఢంలో మారుస్తావేటి? సెల్లులేవో నీరసంగా ఉన్నాయని నువ్వే అన్నావు."

అన్న మాట నిజమే. సరే అన్నాను. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ వచ్చాయి. ఆయన కాయ పట్టుకుని మెట్ల వైపు నడవబోతుంటే కింద నుంచి ఆయన భార్య, అంటే మా అక్క, కేకేసింది. ఆ వారమే మెట్లకి టైల్సు వేయించారు.

"కొత్త టైల్సు మీద కాయ కొట్టేరంటే సూడండి మరి! ఒక్క పెచ్చు లేసినా ఊరుకోను!"

మా ప్రొప్రైటరు కరెంటాఫీసు వాళ్ళనైనా దబాయించగలడు గాని అక్క మాట దాటలేడు. వెనక్కి తిరిగొచ్చాడు. గదిలో కేబులు చుట్టలు కదలకుండా ఒక రుబ్బురాయి పొత్రం పెట్టుకున్నాం. దాని మీద కొడతానన్నాడు. ఆ పొత్రం మా కంప్యూటరుకి కరెంటిచ్చే ఎక్స్‌టెన్షన్ బాక్సు పక్కనే ఉంది. నేను చూశాను. చూసి, "కాస్త ఇటు తిరిగి కొట్టు బావా" అని కూడా అన్నాను. ఆయన తూర్పు వైపు తిరగాలన్నాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా తూర్పునే ఉంది.

"ముహూర్తం అయిపోతన్నాది, తియ్యి తియ్యి!" అన్నాడు. నేను పాత సెల్లులు పీకి కొత్తవి చేతిలోకి తీసుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని కాయ కొట్టాడు. మంచి కాయ, నిండా నీళ్ళు. ఆ నీళ్ళన్నీ వెళ్ళి బాక్సులో పడ్డాయి, కొన్ని బల్ల మీదకీ చిందాయి. టప్ మని ఒక మెరుపు, కాలిన కొబ్బరి వాసన. టీవీ ఆగిపోయింది, ఫ్యాను ఆగిపోయింది, కంప్యూటరు మీది ఎర్ర దీపం ఆరిపోయింది.

"ఏటి, కరెంటు పోనాదా?" అన్నాడు కళ్ళు తెరిచి.

"కరెంటు ఉన్నాది బావా. మనవే పోనాం" అన్నాను.

నా చేతిలో కొత్త సెల్లులు ఉన్నాయి. పెట్టెలో ఏ సెల్లూ లేదు. దానికి కరెంటూ అందట్లేదు. పైకి చూస్తే అంతా ఎప్పటిలాగే ఉంది గాని, లోపల ఆర్టిస్టు గారి అక్షరాలు ఒక్కటీ మిగల్లేదని నాకు తెలుసు. అయినా ఫ్యూజు వేసి, బాక్సు మార్చి, బీడీకట్ట కాగితం దోపి, ఆశ చావక స్విచ్ వేశాను. తెల్లటి తెర మీద ఒక చెయ్యి బొమ్మ వచ్చింది. ఫ్లాపీ పెట్టమని అడిగే బొమ్మ అది. అది చూసి ఎన్నేళ్ళయిందో.

"ఏటిరా, అడుక్కుంటన్నాది?" అన్నాడు ప్రొప్రైటరు.

ఆయన మొహం చూస్తే తిట్టడానికి కూడా మనసొప్పలేదు. చేతిలో కొబ్బరి చెక్కలతో అలాగే నిలబడిపోయాడు. కాసేపటికి, "బిల్లులేసే పెద్ద కంప్యూటరులో తెలుగు ఉన్నాది కదా, అది పెట్టేద్దాం. ఆయనకేటి తెలుస్తాది?" అన్నాడు.

చప్పుడు విని పైకొచ్చిన అక్క, "ఆపరేషన్ ఆయన కళ్ళకి గాని బుర్రకి కాదు గదా" అంది.

సాయంత్రం పాసింజరు లోపల ఎలాగైనా ఆ అక్షరాల్ని మళ్ళీ రప్పించాలి. అంతకు మించి ఆ రోజు మాకు వేరే పని లేదు. ఫోను మోగుతుంటే తీసి పక్కన పెట్టేశాం.

ముందు ఫ్లాపీలు కావాలి. అవెక్కడున్నాయో ఎవరికీ గుర్తు లేదు. చాలాసేపటికి అక్క, "పనికిరావన్నారు గదా, బీరువా కాలి కింద పెట్టేను" అంది నెమ్మదిగా. ముగ్గురం కలిసి బీరువా ఎత్తాం. ఎత్తితే తలుపు తెరుచుకుని పట్టుచీరలన్నీ ప్రొప్రైటరు నెత్తి మీద పడ్డాయి. ఫ్లాపీలు దొరికాయి. వాటిని సూదిమందు స్పిరిటుతో, దూదితో, ప్రాణం ఉగ్గబట్టుకుని తుడిచాను. ఒక దానికి మాత్రం ప్రాణం ఉంది. డ్రైవు దాన్ని మింగి, మూలిగి, కరకరలాడి, చివరికి ప్రోగ్రాముని పైకి తెచ్చింది. దాన్ని వెంటనే పెట్టెలోకి కాపీ కొట్టి కొత్త సెల్లులు బిగించాను. అంతవరకు బాగుంది. అక్షరాలున్న ఫ్లాపీ మాత్రం బూజుకి బలైపోయింది. ఎంత తుడిచినా పలకలేదు.

అప్పుడు ప్రొప్రైటరుకి పాత క్యాసెట్లు గుర్తొచ్చాయి. అమ్మవారి సంబరం రికార్డు చేసిన వీడియో క్యాసెట్లో అడుగున మా ప్రకటనలు పాకుతూ ఉంటాయి. దాన్ని వీసీఆర్‌లో పెట్టి ఆపితే ఆర్టిస్టు గారి అక్షరాలు తెర మీద నిలబడతాయి. నిలబడ్డాయనడం ఎక్కువేమో. పాత క్యాసెట్టుని మధ్యలో ఆపితే బొమ్మ చలి జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఆ వణుకులోంచి ఒక్కో అక్షరం ఏరుకుని, చుక్క చుక్కగా మళ్ళీ గీయాలి. మౌస్ నా చేతిలో ఉంది. ప్రొప్రైటరు టీవీకి ముక్కు ఆనించి, వేలితో చూపిస్తూ, "పైకి, పైకి, ఇంకొంచెం, ఓర్నాయనో అంత పైకి కాదు" అంటున్నాడు.

అక్క ఒక 'స' చూసి నా చేతిలో మౌస్ లాక్కుంది. "ఇదేటి, 'స'యా, సచ్చిన రొయ్యా? లెగు. సుక్కల ముగ్గే కదా ఇది" అని కూర్చుంది. నిజం చెప్పాలంటే మా ఇద్దరి కంటే ఆమే నయం. కాకపోతే ముగ్గు అలవాటు కొద్దీ ప్రతి అక్షరానికీ ఎక్కడో ఒక మెలిక అదనంగా తగిలించేది. వద్దంటే, "బాగుంటాది, ఉండనీ" అనేది.

పాసింజరు కూత వినబడే వేళకి ఒక స్వాగతం కార్డూ, బట్టల కొట్టు ప్రకటనా అయ్యాయి. మొత్తానికి తెలుగే. ఒక 'ర' అటు ఒరిగింది, ఒక 'గ' ఇటు వాలింది, మెలికల సంగతి సరేసరి. ఆ కార్డు చానల్లో పెట్టి, ముగ్గురం స్నానాలు చేసి, బత్తాయిలు కొనుక్కుని ఆర్టిస్టు గారింటికి వెళ్ళాం. నా జీవితంలో స్తంభాలెక్కి ఎన్నో షాకులు తిన్నాను గాని, ఆ ఇంటి గుమ్మం ఎక్కడానికి పడినంత భయం ఎప్పుడూ పడలేదు.

ఆయన నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. టీచరమ్మ మూతి ముడుచుకుని ఉంది.

"కట్టు ఇప్పగానే ఈ మనిషి ఏటన్నారో తెలుసా? 'నువ్వు ఇంత ముసిలైపోనావేటి' అన్నారు. డాక్టరు గారి ఎదుట!" అంది.

"ఉన్నమాటే కదా అన్నాను. నన్ను సూసి నువ్వేటనుకుంటన్నావో నానడిగేనా?" అని, ఆయన మా వైపు తిరిగి ఒక్కొక్కరినీ పరీక్షగా చూశారు. "బాబూ, నీ జుత్తంతా ఏటయిపోనాది?" అన్నారు నన్ను చూసి. తర్వాత, "ఏదీ, టీవీ ఎయ్యి" అన్నారు.

టీచరమ్మ టీవీ వేసింది. స్వాగతం కార్డు వచ్చింది. ఆయన అద్దాలు తీసి చూశారు. కుర్చీ ముందుకు జరుపుకుని చూశారు. ప్రొప్రైటరు బత్తాయిల సంచీని గుండెకి హత్తుకున్నాడు. బట్టల కొట్టు ప్రకటన పాకుతూ వచ్చి, పాకుతూ పోయింది. ఆయన వెనక్కి వాలారు.

చివరికి, "ఇయ్యా నా అచ్చరాలు?" అన్నారు.

ప్రొప్రైటరు సంచీలోంచి ఒక బత్తాయి తీసి ఆయనకి అందించబోయాడు.

"ఇన్నాళ్ళూ ఇంత వంకరగా ఉన్నాయేటి? ఇదేటి, ఈ 'క'కి తోకేటి? పొర కమ్మిన కళ్ళతో గీసి, ఎంత బాగా గీసేనో అనుకుని మురిసిపోనాను. ఊరంతా సూస్తన్నాది. ఒక్కలంటే ఒక్కలైనా సెప్పలేదేటి బాబూ?"

అక్క గోడ వైపు తిరిగింది, ఆ తోక తనదే కాబట్టి. ప్రొప్రైటరు, "మరి... పెద్దోరు గదా మీరు. ఎలగ సెప్తాం?" అన్నాడు. అబద్ధాలాడడంలో అంత మర్యాద నేను ఎక్కడా చూడలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గండం గడిచిందని ప్రాణం తేలికపడింది, అంత గొప్ప చెయ్యి మా వంకర గీతల్ని తనవనుకుని సిగ్గుపడుతుంటే గుండె తరుక్కుపోయింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ప్రొప్రైటరు నా కాలు తొక్కాడు.

"మంచివాళ్ళు మీరు. ఇన్నాళ్ళు భరించేరు" అని ఆర్టిస్టు గారు లేచి నిలబడ్డారు. "రేపు వస్తాను. అన్నీ మళ్ళీ గీసేస్తాను."

"డాక్టరు కదలొద్దన్నాడు" అంది టీచరమ్మ.

ఆ మాట కొన్నాళ్ళు ఆయన్ని ఆపగలిగింది. తర్వాత ఒక పొద్దున్న నల్లద్దాలతో, కంటి చుక్కల సీసాతో, వెనకాలే కాపలాకి టీచరమ్మతో మా మేడెక్కారు. కుర్చీలో కూర్చుని, మౌస్ పట్టుకోబోయి ఆగి, బల్ల వైపు వంగారు. చీమలు. పొత్రం దగ్గర్నుంచి గోడ వారగా వచ్చి, బల్ల కాలెక్కి, కీబోర్డు పక్క నుంచి మెమరీ పెట్టె దాకా బారు కట్టాయి. ఎంత తుడిచినా మళ్ళీ వస్తున్నాయి.

"ఇదేటి, ఇన్ని సీవలు?"

"సీవలకేటండీ, ఎక్కడైనా ఉంటాయి" అన్నాను.

ఆయన ఒక చీమని వేలితో పక్కకి జరిపి, ఇంకొంచెం వంగి, ముక్కుతో వాసన చూశారు. పొత్రం వైపు చూశారు. మూలనున్న కాలిన ఎక్స్‌టెన్షన్ బాక్సు వైపు చూశారు. 'అ' మొదలుపెట్టారు.

ఆ తర్వాత రోజూ వచ్చేవారు. టీచరమ్మ మధ్యమధ్య చుక్కలు వేసేది. ఇదివరకటి అక్షరాలు బాగుండేవన్నాను కదా. వీటిని చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. రైసుమిల్లు ఆసామి ఫోన్ చేసి, "బొమ్మ తేటగా వస్తన్నాది, కొత్త కేబులేసేరేటి?" అని అడిగాడు. కేబులు అదే పాతది. ఆ 'శ్రీ' మళ్ళీ చేతులు జోడించి నిలబడింది, ఈసారి ఇంకాస్త వినయంగా.

మేం నోరు విప్పలేదు, ఆయన అడగలేదు. అలా ఏడాది తిరిగి, సెల్లులు మార్చే రోజు మళ్ళీ వచ్చింది. ప్రొప్రైటరు ముహూర్తం చూశాడు. మూఢం లేని రోజే. అక్క పసుపు కుంకుమ పట్టుకొచ్చింది. మెట్ల మీది టైల్సు అప్పటికే రెండు చోట్ల పగిలాయి గాని, ఆమె మనసులో ఇంకా కొత్తవే. అందుకని ప్రొప్రైటరు అలవాటు కొద్దీ కాయ పట్టుకుని పొత్రం పక్కనే నిలబడ్డాడు. నేను పెట్టె మూత తీసి సిద్ధంగా ఉన్నాను.

ఆర్టిస్టు గారు కళ్ళు మూసుకుని చేతులు జోడించారు.

"ప్రేమగల మా తండ్రీ, నీకు స్తోత్రము. ఈ పెట్టె యొక్క జ్ఞాపకమును ఇంకొక సంవత్సరము కాపాడుము. సెల్లులు మార్చే ఈ తమ్ముడి చేతులను స్థిరపరచుము. చుక్కలు పెట్టుటలో నేర్పరియైన మా చెల్లెమ్మను దీవించి, తోకలు తగ్గించుము. కొబ్బరికాయ కొట్టే ఈ బాబును మెట్ల మీదకి నడిపించి, అక్కడనే నిలువబెట్టుము."

ప్రొప్రైటరు చేతిలో కాయ గాలిలో ఆగిపోయింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నేను సెల్లుల మీద నుంచి చెయ్యి తీసేశాను.

ఆర్టిస్టు గారు కళ్ళు తెరవకుండానే అన్నారు: "ఆమెన్ అనండి బాబూ, బేగి. ముహూర్తం దాటిపోతాది."